తారు కప్పిన మట్టిబాట

నేలను పరుపులా పరిచి, దాని మీద నడవడానికి కాళ్లనూ, ఆ కాళ్లకు దారులనూ ఇచ్చిన అల్లాహ్‌కే ప్రశంసలన్నీ. చీమ పోయే దారి కూడా ఆయనకు తెలుసు. దారి తప్పినవాడు వెనక్కి తిరిగి వస్తే తలుపు మూయని దయ ఆయనది. ఆయన పంపిన ప్రవక్త మీద శాంతి కురియుగాక. దారులు వేయడమే బతుకుతెరువుగా గడిపిన నేను, నేను వేసిన ఒక దారి గురించి చెప్పే ముందు ఆ నామమే తలచుకుంటున్నాను. ఇది గొప్ప కోసం రాస్తున్నది కాదు.

రోడ్ల ఇంజనీరుగా పనిచేసి రిటైరయ్యాను. ఉండేది తెనాలిలో. పుట్టి పెరిగింది మాత్రం బాపట్లలో. మా నాన్న ఇత్తడి గిన్నెలకు కళాయి వేసేవాడు. సైకిలు వెనక తోలుతిత్తి, బొగ్గుల సంచి కట్టుకుని పొద్దున్నే ఊళ్ల మీదికి బయలుదేరేవాడు. అప్పటి రోడ్లు ఒక్క బస్సు పట్టేంత వెడల్పు. ఎదురుగా బస్సు వస్తే సైకిలువాడు పక్కనున్న మట్టిలోకి దిగాల్సిందే. తారు అంచు జానెడు ఎత్తున విరిగిపోయి ఉండేది. దిగేటప్పుడు చక్రం జారి నాన్న ఎన్నిసార్లు పడ్డాడో లెక్కలేదు. మోచేతులు చెక్కుకుపోయి ఇంటికొస్తే అమ్మ పసుపు అద్దేది. ఆయన నవ్వేసి, "బస్సోడిది తారు, మనది దుమ్ము బేటా" అనేవాడు.

మసీదు వరండాలో మాకు ఖురాన్ నేర్పిన ఉస్తాద్ గారు, దారిలో ముల్లు కనిపిస్తే తీసి పక్కన పడేయడం కూడా ఈమాన్‌లో, అంటే విశ్వాసంలో, ఒక భాగమేనని చెప్పేవారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు నాన్న సైకిలు జారే ఆ తారు అంచే కళ్లముందు మెదిలేది. ఇంజనీరు ఉద్యోగం వచ్చినరోజు ఉస్తాద్ గారి దగ్గరికి వెళ్లి చెప్పాను. "జీవితమంతా ముళ్లు తీసే పని దొరికింది నీకు. అదృష్టవంతుడివి" అన్నారాయన. ఎన్నో ఏళ్లు ఆ మాట మీదే బతికాను.

సర్వీసు చివర్లో, తెనాలికీ రేపల్లెకీ మధ్య కాలవ పక్కనుంచి పోయే ఒక రోడ్డుకు పైపొర మళ్లీ వేసే పని నా చేతికి వచ్చింది. ఈసారి కేవలం తారు పోసి వదిలేయకుండా, నడిచేవాళ్లకూ సైకిళ్లవాళ్లకూ సదుపాయాలు కలిపి ప్లాను వేయమన్నారు. ఆ కాగితం చదివిన రోజు నా సంతోషం చెప్పలేను. తారుకు ఒక పక్క కాలవ దాకా, ఇంకో పక్క పొలాల దాకా ఉండే మట్టి పట్టీని మా భాషలో మార్జిన్ అంటారు. అక్కడ గరిక మొలిచి ఉంటుంది. దాన్ని రెండు పక్కలా తవ్వి, కంకర పోసి, రోడ్డుతో సమానంగా తారు పరిచి, రోడ్డుకూ పట్టీకీ మధ్య తెల్ల గీత గీయాలని ప్లాను గీశాను. గీతకు లోపల బండ్లు, బయట సైకిళ్లూ మనుషులూ. అంచు అనేదే ఉండదు. ఆ ప్లాను గీస్తున్నంతసేపూ ఆ నున్నటి పట్టీ మీద నాన్న కాలు కింద పెట్టకుండా సైకిలు తొక్కుకుంటూ పోతున్నట్టే అనిపించింది.

ఊళ్లో సభ పెట్టి జనం అభిప్రాయం రాసుకోవాలి. అది నిబంధన. బడి వరండాలో పెట్టాం. రైతులు వచ్చారు, పాలు పోసే ముసలాయన సైకిలుతో వచ్చాడు, హైస్కూలు మాస్టారు వచ్చాడు. అందరూ బాగుందన్నారు. సభ అయిపోయి మ్యాపు చుట్టుకుంటుంటే, నాట్లు వేసి తిరిగొస్తున్న ఆడకూలీలు రోడ్డు మీద ఆగారు. ఇరవైమంది దాకా ఉంటారు. మోకాళ్ల దాకా బురద. వాళ్ల ముఠాకు పెద్ద అయిన ఆవిడ, యాభై దాటి ఉంటుంది, ఒక్కతే లోపలికి వచ్చింది.

"సార్, ఈ పక్కన మట్టి కూడా కప్పెడతన్నారంట గదా?"

"కప్పెట్టడం కాదమ్మా, నున్నగా చేస్తున్నాం. మీకోసమే."

"మాకోసమైతే వద్దండి."

రోడ్డు మీదున్న ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

"అదేంటమ్మా?"

"మేం చెప్పుల్లేకుండా పోతామండి. పొద్దుటినించీ బురదలో నాని, వేళ్ల సందులు చీలిపోయి ఉంటాయి. మట్టీ గరికా అయితే చల్లగా ఉంటది, బురద కూడా తుడుసుకుపోద్ది. తారైతే మిట్టమధ్యాన్నం కాలు నిలవదు. రెండు పక్కలా వద్దు, ఒక పక్కనన్నా మట్టి ఒదిలేయండి. ఇదుగో, ఆళ్లందరి తరఫునా నేనొచ్చా."

"చెప్పులేసుకోవచ్చుగా?"

"బురదకాళ్లకి చెప్పులేసుకుని మీరొక ఫర్లాంగు నడిచి చూపియ్యండి సార్. అప్పుడు నేనూ ఏసుకుంటా."

ఈసారి నేనూ నవ్వాను. "చూస్తానమ్మా" అన్నాను. ఆమె దణ్ణం పెట్టి వెళ్లిపోయింది.

జీపులో కూర్చుని సభ కాగితం పూర్తి చేశాను. అందులో ఒక గడి ఉంది: ప్రజల అభ్యంతరాలు. అక్కడ ఆమె మాట రాస్తే ఫైలు వెనక్కి వస్తుంది. ప్లాను మార్చాలి, మళ్లీ పైకి పంపాలి. ఆ ఏడాది పని తప్పిపోవచ్చు. ఇవన్నీ ఆలోచించాను. వీటన్నిటికంటే ముందు ఇంకొకటి అనుకున్నాను. పాపం ఆమెకు తెలియదు, రోడ్డు పూర్తయ్యాక ముందు దీవించేది ఆమే అని. ఆ గడిలో "అభ్యంతరాలు లేవు" అని రాసి సంతకం పెట్టాను. మధ్యాహ్నపు జొహర్ నమాజు వేళైంది. అవే చేతులు కాలవ నీళ్లలో కడుక్కుని, ముఖం, కాళ్లు కూడా కడిగి వజూ చేసి, గట్టు మీదే నమాజు చదివాను. మనసులో ఏ మరకా ఉన్నట్టు అనిపించలేదు. ఇప్పుడు తలచుకుంటే నన్ను ఎక్కువగా భయపెట్టేది అదే.

వేసవిలో రోడ్డు పూర్తయింది. అందరూ మెచ్చుకున్నారు. ఆదివారాల్లో సూర్యలంక సముద్రం దాకా సైకిళ్లు తొక్కే వడ్లమూడి వైపు కాలేజీ కుర్రాళ్లు మా రోడ్డు చూడ్డానికని రేపల్లె వరకు వచ్చి వెళ్లారు. పాలు పోసే ముసలాయన నా జీపు ఆపి, "మోకాళ్ల నొప్పి సగం తగ్గింది బాబూ" అన్నాడు. నాన్న చనిపోయి చాలా ఏళ్లయింది. ఆరోజు ఆయన కోసం దుఆ చేస్తూ ఏడ్చాను. నా తప్పు ఎక్కడుందో ఆ ఏడుపులోనే ఉంది. నా మనసులో దారంటే సైకిలే. మా ఇంట్లో సైకిలుండేది. ఆ సైకిలు కూడా లేనివాళ్ల పాదాలు నా లెక్కలోకి రాలేదు.

మళ్లీ నాట్లు మొదలయ్యాయి. నాలుగు రోజులు వాన పడి, ఆగి, ఎండ పేలుతోంది. మధ్యాహ్నం జీపులో వస్తుంటే ఎదురుగా ఆ ముఠా కనిపించింది. ఇరవైమంది ఒకరి వెనక ఒకరు, సరిగ్గా తెల్ల గీత మీద నడుస్తున్నారు. ఒక్క అడుగు కూడా గీత దాటడం లేదు. పక్కనుంచి లారీలు వాళ్ల కొంగులు ఎగరేసుకుంటూ పోతున్నాయి. పక్కనే ఇంత వెడల్పున నేను వేయించిన పట్టీ ఖాళీగా పడి ఉంది. కోపంతో దిగాను.

"గీత మీద నడుస్తారేంటమ్మా? ప్రాణాలంటే లెక్కలేదా? పక్కన అంత చోటుంటే!"

ముందు నడుస్తున్నది ఆవిడే. ఆగి నా బూట్ల వైపు చూసింది.

"అయ్యి ఇప్పండి సార్."

"ఏంటి?"

"ఇప్పి నల్లదాని మీద కాలు పెట్టండి. ఒక్క నిమిషమే."

పంతానికి విప్పాను. పెట్టిన కాలు పెట్టినట్టే ఎగిరి గంతేశాను. ఆడవాళ్లందరూ ఒక్కసారిగా నవ్వారు. వెనకనుంచి ఒకామె, "సారుగారికి డాన్సు బాగా వచ్చే" అంది.

"ఇప్పుడు గీత మీద పెట్టండి" అంది పెద్దామె.

పెట్టాను. తెలుపు కాబట్టి ఎండను అంతగా పీల్చుకోలేదు. కాలు నిలిచింది. చదువుకున్న ఇంజనీరుని, ఈ సంగతి నాకు తెలియాలి.

అప్పుడైనా ఆఫీసుకు వెళ్లి, నేను రాసిన మాట తప్పని రాసి ఉండాల్సింది. రాయలేదు. రిటైర్మెంటు దగ్గరలో ఉంది. తప్పుడు మాట రాశానని నా సంతకంతో నేనే ఎలా ఒప్పుకోను? అందుకని ఒక పుణ్యకార్యం చేశాను. తెనాలి బజారుకు వెళ్లి ఇరవై జతల చెప్పులు కొన్నాను. శుక్రవారం జుమా నమాజు అయ్యాక, కొత్త జుబ్బాలోనే వెళ్లి పంచాను. పెద్దామె తన జత తీసుకుని తిప్పి చూసి, "మంచిదండి" అంది, అంతే. వస్తూ ఉంటే మనసు దూదిలా తేలికైంది.

వాళ్లు వేసుకోలేదు. చీలిన వేళ్ల మధ్య చెప్పు పట్టీ పడితే ప్రాణం పోతుందట. బురదకాలు చెప్పులో జారి మడమ పక్కకు తిరుగుతుందట. ఇవన్నీ తర్వాత తెలిశాయి. తెలుసుకోవడానికి వాళ్లను నేను ఎప్పుడు అడిగాను గనక?

కలుపుల రోజుల్లో మా వర్క్ ఇన్‌స్పెక్టర్ ఫోన్ చేశాడు. "సార్, గడ్డిమోపుతో వస్తన్న ఆడమనిషిని లారీ రాసుకుపోయిందండి. మోపుకి తగిలి మనిషి గిర్రున తిరిగి పడింది. తుంటి ఇరిగిందంటన్నారు. ఆ ముఠా పెద్దామేనండి."

నా నోట్లోంచి వచ్చిన మొదటి ప్రశ్న ఏమిటో దాచను. "గీతకు లోపలా, బయటా?" అని అడిగాను.

"గీత మీదే సార్" అన్నాడు.

ఆమెను తెనాలిలోనే ఆసుపత్రిలో పెట్టారు. మా ఇంటికి పది నిమిషాల నడక. నేను వెళ్లలేదు. ఆ నెలలోనే రిటైరయ్యాను, శాలువా కప్పించుకున్నాను. నమాజులో నుదురు నేలకు ఆనించిన సజ్దా నుంచి తల ఎత్తబుద్ధయ్యేది కాదు. మసీదులో పక్కవాళ్లు చూసి ఇంట్లో చెప్పారు కాబోలు, నా భార్య గోంగూర ఒలుస్తూ, తల ఎత్తకుండా అడిగింది.

"ఏంటండీ, నమాజులో ఏడుస్తున్నారంట?"

అంతా చెప్పాను. కాగితం సంగతి కూడా. మొదటిసారి ఒకరితో చెప్పడం. ఆమె ఒలవడం ఆపింది.

"అల్లాహ్ దగ్గర ఏడిస్తే అల్లాహ్ విషయంలో చేసిన తప్పు మాఫ్ అవుద్ది. ఆమె హక్కు ఆమె చేతిలో ఉందిగా? ఆమె వదిలేదాకా అల్లాహ్ కూడా వదలడని మాకు చెప్పేది మీరే. హక్కు ఇవ్వాల్సిన చోట దానమిచ్చినట్టు సదఖా ఇచ్చొచ్చారు. పైగా కొత్త జుబ్బా ఒకటి!"

ముందు రోడ్డు సంగతి చూద్దామని, నా స్థానంలో వచ్చిన కుర్ర ఇంజనీరు దగ్గరికి వెళ్లాను. ఒక పక్కన పట్టీ తవ్వి మట్టి పోయించమని, గరిక నాటించమని అర్జీ ఇచ్చాను. అతను మర్యాదస్తుడు. టీ తెప్పించి, ఫైలు తెప్పించి, తిరగేసి, ఒక పేజీ దగ్గర ఆగి నా వైపు తిప్పాడు. "అభ్యంతరాలు లేవని మీరే రాశారు కదా సార్. బాగున్న పని తవ్వమంటే ఏ కారణం చూపించను?" అన్నాడు. నా సంతకం నన్నే చూస్తోంది. ఆ మాట అబద్ధమని అక్కడే ఇంకో కాగితం మీద రాసి ఇచ్చాను. "పైకి పంపుతానండి" అన్నాడు. ఇంకా పైనే ఉంది.

ఆ మరుసటి రోజు బస్సెక్కి ఆమె ఇంటికి వెళ్లాను. రేకుల వసారాలో నులకమంచం మీద ఉంది. పక్కన నాలుగు కాళ్ల ఊతకర్ర. కోడలు కుర్చీ వేసింది.

"రండి సార్. లేవలేను, ఏమనుకోబాకండి. మీరిచ్చిన చెప్పులు వృథా కాలేదండోయ్, మా కోడలు దొడ్లోకి ఏసుకుపోతంది."

కోడలు సిగ్గుపడి లోపలికి పోయింది. నేను నవ్వలేకపోయాను. ఆమే మళ్లీ అంది.

"మీరేం బాధపడబాకండి. మీరు రాశారు, పైవోళ్లు ఒప్పుకోలేదు. మీరేం చేత్తారు? మావాళ్లందరికీ అదే చెప్పా. ఆ సారు మంచోడే, మన మాట రాసే ఉంటాడు, పైనే తిప్పికొట్టి ఉంటారని."

అక్కడ ఊరుకుని ఉంటే సరిపోయేది. మంచివాడిగానే బస్సెక్కేవాణ్ణి. ఊరుకోమని షైతాన్ చెవిలో చెప్పిన ఆ మాట ఎంత తియ్యగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

"నేను రాయలేదమ్మా" అన్నాను. "మీరు వచ్చి చెప్పాక, జీపులో కూర్చుని, అభ్యంతరాలు లేవని రాశాను. ఎవరూ తిప్పికొట్టలేదు. పైవాళ్ల దాకా మీ మాట వెళ్లనే లేదు. నన్ను క్షమించమని అడగడానికి వచ్చాను."

ఆమె దూలం వైపు చూస్తూ పడుకుంది.

"మా పాస్టరుగారు చెబుతాడండి" అంది చివరికి. "పగ పెట్టుకుని ప్రార్థన చేస్తే అది ఇంటి కప్పు కూడా దాటదంట. నా కాలు సంగతి ఒదిలేశా. మనస్ఫూర్తిగానే ఒదిలేశా. కానీ ఆ పూట నేనొక్కదాన్నే వచ్చానా సార్? ఇరవైమంది తరఫునొచ్చా. ఆళ్లది నేనెట్టా ఒదిలేది? పైగా ఆళ్లకి మీవల్ల అబద్ధం చెప్పినదాన్నయ్యాను. నేను తిరగలేను. మీరే పోయి చెప్పండి, ఒక్కొక్కళ్లకీ."

అలా మొదలైంది నా తిరుగుడు. రిటైరైన మనిషిని, తీరిక ఉంది. ఒకామె బోరింగు దగ్గర బిందె నింపుకుంటూ, "సర్లే సార్, దానికింత ఎండన పడి రావాలా, పొండి" అంది. ఒకామె గుమ్మంలోకి కూడా రానివ్వలేదు. మర్నాడు కొడుకు చేత కబురు పంపింది, వదిలేశానని. రేపల్లెలో కూతురి దగ్గర ఉంటున్న ఒకామె రొయ్యలు ఒలుస్తూ అంతా విని, "రాసిందేంటో నాకు చదవటం రాదు. ఇంతదూరం ఒచ్చి చెప్పావు చూడు, అది తెలుత్తంది" అంది. కొంతమంది పెద్దామెకు చేసింది తలచుకుని తిట్టారు. తిట్టిన తర్వాత మంచినీళ్లు ఇచ్చారు. నేను ఊళ్లో కనిపిస్తే, "క్షమాపణల సారు వచ్చాడే" అని ఒకరినొకరు పిలుచుకోవడం కూడా విన్నాను.

ముఠాలో అందరికంటే చిన్నది మాత్రం తల అడ్డంగా ఊపింది. డాన్సు బాగా వచ్చే అని నన్ను ఎగతాళి చేసింది ఆ అమ్మాయే.

"నేను ఒదలను సార్" అంది. "పెద్దమ్మ పడిపోయింది, మేం ఇంకా అట్టాగే నడుస్తన్నాం గదా. అయిపోయిన తప్పైతే ఒదిలేసేదాన్ని. రోజూ జరుగుతా ఉంటే ఎట్టా ఒదిలేది? మట్టి పోయించిన్నాడు రండి. అప్పుడడగండి."

మసీదులో ఎన్నో ప్రసంగాలు విన్నాను. తౌబాకు, అంటే పశ్చాత్తాపానికి, మొదటి షరతు ఆ తప్పు ఆగడమని ఇంత సూటిగా చెప్పినవాళ్లు లేరు.

ఇంకొకరు మిగిలారు. ఆరోజు బడి ముందు ఆడవాళ్ల వెనక నిలబడి, ఒక్క మాటైనా మాట్లాడని ముసలామె. ఆమె ఇల్లు వెతుక్కుంటూ వెళ్లేసరికి చనిపోయి రెండు నెలలైందన్నారు. జ్వరం వచ్చి పోయిందట. కొడుకు నేను చెప్పిందంతా నిలబడే విన్నాడు. అతని పిల్లల ముందు, అతని భార్య ముందు, నేను చేతులు కట్టుకుని నిలబడి అడిగాను, అమ్మ తరఫున మీరైనా వదిలేయండని.

"మా అమ్మ మాట మేమెట్టా చెబుతామండి?" అన్నాడు. కోపంగా కాదు. నిజంగానే తెలియక అన్నాడు. "అమ్మ ఉంటే ఏమనేదో!"

ఏమనేదో నాకూ తెలియదు. తీర్పు దినాన ఆమె ముందుకు వచ్చి నిలబడినప్పుడే తెలుస్తుంది. నన్ను అడగడానికి ఆమెకు హక్కుంది.

చదివిన మీరు ఏ పేరుతో దేవుణ్ణి పిలిచేవారైనా, మీ ప్రార్థనలో ఈ మూడు మాటలు కూడా కలపమని వేడుకుంటున్నాను. ఆ ముసలామె సమాధిని ప్రభువు విశాలం చేసి, ఆమెకు శాంతినివ్వాలని. వచ్చే నాట్లలోపు ఆ రోడ్డుకు ఒక పక్కనైనా మట్టి పడాలని, ఆ అమ్మాయి దగ్గరికి వెళ్లి అడిగే అర్హత నాకు రావాలని. బతికినవాళ్లలో మిగతావాళ్లు మాఫ్ చేసినట్టే, చనిపోయిన ఆ ఒక్కరి మనసునూ నా వైపు మెత్తబరచాలని. నేను చేతులెత్తాను. మీరూ నాతో కలిసి చేతులెత్తి, ఆమీన్ అనండి.